ఆవిడ విప్పించిన బూట్లు

రెండు వేల ఎనిమిదో తొమ్మిదో. గల్ఫ్‌లో, సోహార్ నుంచి రువి వెళ్లే బస్సులో, దుమ్ము పడకుండా కవర్లో దాచుకున్న కొత్త బూట్లు దిగే ముందు తీసి తొడుక్కుంటున్నాను. పక్క వరస సీట్లో ఉన్న ఆవిడ కన్నార్పకుండా చూస్తోంది. తమది గోదావరి వైపనీ, అరబ్బుల ఇంట్లో వంట చేస్తాననీ అంతకుముందే చెప్పింది.

“మా చర్చి టీముతో సేవకని ఆఫ్రికాలో మలావీ ఎల్లాను తమ్ముడూ. అక్కడొక ముసలావిడ బూట్లు చేత్తో పట్టుకుని, అంత దూరం ఉత్తి కాళ్లతో నడిచొచ్చి, చర్చి గుమ్మం దగ్గర తొడుక్కుంది. మనం చెప్పులు బయట ఇప్పుతాం కదా. ఆ అలవాటుకొద్దీ ఇప్పమని సైగ చేశాను.”

“విప్పిందా అక్కా?”

“ఇప్పేసింది. ఆ బూట్లు దేవుడి దగ్గరకి రావడానికే దాచుకుందంట. అక్కడి పాస్టరుగారు తర్వాత చెప్పారు. మేం తిరిగొచ్చే దాకా ఆవిడ మళ్లీ ప్రార్థనకి రాలేదు.”

రువి వచ్చింది. నేను లేవబోతుంటే ఆవిడ వంగి, నా బూటు లేసు ఊడిపోయి ఉంటే, వద్దంటున్నా వినకుండా ముడి వేసింది. తలెత్తకుండానే, “ఏసుకునే ఎల్లు తమ్ముడూ” అంది.

ఆ సాయంత్రం నేను వెళ్లిన ఇంటి గుమ్మం ముందు అందరి చెప్పులూ ఉన్నాయి. ఆ ముడి విప్పడానికి నాకు చాలాసేపు చేతులు రాలేదు.