పిన్ను లేని పిస్తోలు

మొన్న పొద్దున చేవెళ్ల దవాఖానలో మా పెద్దబాపు పోయాడు. శవం వాకిట్లో ఉండగానే అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్ సారు డ్రైవర్‌ను పంపాడు. దండతో కాదు. "పిస్తోలు పిన్ను అడగమన్నడు సారు" అన్నాడు డ్రైవర్. నాకు ఒళ్లు మండింది.

పెద్దబాపు మిలిటరీలో తుపాకులు బాగుచేసేవాడు. దిగిపోయాక ఆ ఫామ్‌హౌస్‌కు కావలి. సాఫ్ట్‌వేర్‌లో సంపాదించిన ఆ సారు దగ్గర రెండో ప్రపంచ యుద్ధంనాటి పిస్తోలు ఉండేది. వచ్చినవాళ్లకల్లా జర్మన్‌దని చూపించేవాడు. దానిమీద ఉన్నవి జర్మన్ల ముద్రలే మరి.

"ఇది పోలండోళ్లదిరా" అనేవాడు పెద్దబాపు, నూనెగుడ్డతో తుడుస్తూ. "జర్మనోళ్లు దేశాన్ని, కార్ఖానను గుంజుకున్నరు. పోలండోళ్ల గద్ద బొమ్మ తీసేసి తమ ముద్రలు కొట్టిన్రు."

పక్కనున్న చిన్న మీటను అందరూ సేఫ్టీ అనుకునేవారు. పెద్దబాపు నవ్వేవాడు. "సుత్తిని మెల్లగ దించేటిది గది. గుర్రం మీది సిపాయికి ఒక చేతుల కళ్లెం ఉంటది గద, ఇంకో చేత్తోనే దించుకోవాలె. అసలు సేఫ్టీ పిడి ఎనుక ఉన్నది. గట్టిగ పట్టుకుంటెనే పేలుతది."

ఆ కార్ఖానా కూలీలు పిస్తోలు ముక్కల్ని బట్టల్లో దాచి, జర్మన్లతో పోరాడేవాళ్లకు చేరవేశారట. దొరికినవాళ్లను ఉరితీశారట. అందుకే పూర్తి పిస్తోలు కూలీల చేతికి రాకుండా జర్మన్లు దాని గొట్టాలను వేరే దేశంలో చేయించారట. కార్మిక సంఘంలో తిరుగుతూ ఎన్నో కరపత్రాలు చదివాను, ఇది ఏ కరపత్రంలోనూ లేదు.

ఒక దసరాకు సారు ఆ పిస్తోలును లాప్‌టాప్‌ల పక్కన పెట్టి, కుంకుమ పూసి పూజ చేయించాడు. తర్వాత స్నేహితుల ముందు గాల్లో కాలుస్తానన్నాడు. గోడ అవతలే కోళ్లఫారం పనివాళ్ల గుడిసెలు.

"పైకి పోయిన గుండు కిందికి రాదా సారూ?"

"నీకెందుకు తాతా ఆ ఫికర్?"

కుంకుమ తుడిచి తెస్తానని పెద్దబాపు పిస్తోలును లోపలికి తీసుకెళ్లాడు. తెచ్చి ఇచ్చాక సారు పైకెత్తి ట్రిగ్గర్ నొక్కాడు. టక్. మళ్లీ టక్. "బొమ్మ తుపాకా బ్రో?" అని స్నేహితులు విరగబడి నవ్వారు. గుడిసెల గురించి ఒక్కడూ అనలేదు.

తూటాను కొట్టే పిన్ను తానే తీశానని పెద్దబాపే చెప్పాడు. ఇవ్వనన్నాడు. నౌకరి పోయింది. మొయినాబాద్‌లో మా ఇంటిదాకా నడిచివస్తూ దాన్ని బీడీల డబ్బాలో వేసుకున్నాడు. "ఆ కార్ఖాన కూలోళ్లు ముక్కముక్క తెచ్చిన్రు. నేను ఒక్కటే తెచ్చిన."

డ్రైవర్‌కు మా పెద్దమ్మ జవాబు చెప్పింది. "డబ్బా ఆయన జేబులనే ఉన్నది. పోయి ఆయన్నే అడుగు." అతను తల దించుకుని వెళ్లిపోయాడు.

ఇవాళ బూడిద ఎత్తడానికి వెళ్లాం. చితిలో డబ్బా కాలి ముడుచుకుపోయింది. పిన్ను ఉంది. నూనెగుడ్డ లేక చొక్కా అంచుతో తుడిచాను. ఎంత తుడిచినా వేళ్లకు నల్లగా అంటుతూనే ఉంది.