పాత మ్యాపుతో గోదావరి దాటాం: కరీంనగర్ నుంచి ఖానాపూర్‌కు చేపపిల్లల ప్రయాణం

మా ఊరు ఖానాపూర్‌కు ఆరు కిలోమీటర్లు. ఆగస్టు చివర్లో చెరువు నిండింది. నిండగానే చేపపిల్లలు పోయకపోతే వేసవిలో వల తేలికగా పైకి వస్తుంది. మా మత్స్య సంఘంలో ఉన్న నలభై ఇళ్లకు ఆ వలే ఏడాది ఆధారం. ఏటా ఒక లారీ డ్రైవరు కరీంనగర్ నుంచి పిల్లలను తెచ్చేవాడు. ఈసారి నా వ్యానులో తెస్తానని మీటింగులో చెప్పాను. ఏసీ ఉంది, పిల్లలు చల్లగా వస్తాయి, నావిగేటర్ ఉంది కాబట్టి ఎక్కడా ఆగి దారి అడగనక్కర లేదు అన్నాను. లారీ వద్దని చెప్పించింది కూడా నేనే.

ఆ నావిగేటర్ అరచేతంత పెట్టె. ముందు అద్దానికి రబ్బరు పట్టుతో అంటుకుంటుంది. దుబాయ్‌లో డ్రైవరుగా పనిచేసిన నా తమ్ముడు తిరిగి వచ్చేటప్పుడు మన దేశం మ్యాపు వేయించి తెచ్చి ఇచ్చాడు. ఫోనులా దీనికి సిగ్నలు అవసరం లేదు. రెండేళ్లుగా నిర్మల్, ఆదిలాబాద్, మంచిర్యాల కిరాయిలన్నిటికీ దీన్నే వాడుతున్నాను. కడెం అవతల అడవిలో ఫోను పనిచేయని చోట కూడా ఇది దారి చూపింది. అందుకే నమ్మకం కుదిరింది. అయితే అంతకు ముందు వారం డీజిల్ కలిసొస్తుందని అందులో ‘తక్కువ సమయం’ తీసేసి ‘తక్కువ దూరం’ పెట్టాను. మళ్లీ మార్చలేదు.

ముందు రోజు సాయంత్రమే కరీంనగర్ చేరి, తెల్లవారి ఐదింటికి ఇరవై నాలుగు సంచులు ఎక్కించుకున్నాం. ఒక్కో సంచిలో కొన్ని నీళ్లు, వందల కొద్దీ పిల్లలు, పైన ఉబ్బుగా ఆక్సిజన్. నాతో ఉన్నది సంఘం అధ్యక్షుడు లచ్చన్న మామ. ఆయన మా అమ్మకు తమ్ముడి వరస. చేపల సంగతి ఆయనకు తెలుసు, రోడ్ల సంగతి తెలియదు. లారీలో ఎప్పుడూ నిద్రపోతూ వచ్చేవాడు. సంచులు కట్టినతను గడియారం చూసి చెప్పాడు.

“పదకొండింటి లోపల నీళ్లల్ల వడాలె. బండి నడుస్తుంటె ఫికర్ లేదు, కుదుపుకు గాలి నీళ్లల్ల కలుస్తది. ఎక్కువ సేపు ఆపితె మాత్రం పిల్లలు పైకి తేల్తయి.”

కొండగట్టు దాటేసరికి ఆరు అయింది. ఏసీ పూర్తిగా పెట్టాను. మామ దుప్పటి తల మీదుగా కప్పుకుని “చేపలకు సుఖం, మనకు సలి” అన్నాడు. డీజిల్ రెండు వేలకు కొట్టించాను, రానూపోనూ సరిపోయింది. జగిత్యాలలో పెట్టె హిందీలో, ఆడగొంతుతో రాయికల్ వైపు తిప్పమంది. చేరే సమయం ఎనిమిది నలభై అని చూపించింది. మేం ఎప్పుడూ వెళ్లేది ధర్మపురి మీదుగా, రాయపట్నం వంతెన దాటి, జన్నారం, కడెం దారిలో.

“అల్లుడా, ధర్మపురి తొవ్వ గదా మనది?”

“ఇది దగ్గరి తొవ్వ మామా.”

“దగ్గరిదైతె లారీ ఆయన ఇటెందుకు రాలే?”

బండిని రాయికల్ వైపే తిప్పాను.

రాయికల్ దాటాక రోడ్డు సన్నబడింది. రెండు వైపులా పసుపు చేన్లు. తర్వాత తారు పోయి మట్టి వచ్చింది. ఏడు నలభైకి బండి గోదావరి ఒడ్డున ఆగింది. ముందు రోడ్డు లేదు, నీళ్లున్నాయి. వానాకాలపు గోదావరి ఎర్రగా, వెడల్పుగా పారుతోంది. పెట్టె తెర మీద మాత్రం సన్నని గీత అవతలి ఒడ్డు దాకా ఉంది. నేరుగా పొమ్మని చెబుతోంది.

బర్రెలను కడుగుతున్న ఒకాయన మమ్మల్ని చూసి ఒడ్డు మీదికి వచ్చాడు.

“ఇది పడవ రేవు. వంతెన అయినంక పడవ బందైంది. మీ డబ్బకు ఇంకా ఎవలు చెప్పలేదా?”

“వంతెన ఎటు అన్నా?”

“వెనుకకు వొయ్యి ఊర్ల కెల్లి ఎడమకు తిరుగు. ముందుగాల ఆ సంచులు చూసుకో, పాపం.”

మామ అప్పటికే వెనక్కి వెళ్లి ఒక్కో సంచినీ రెండు చేతులా పట్టుకుని ఊపుతున్నాడు. కొన్నిటిలో పిల్లలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. బండి కదిలాక కూడా ఆయన ముందు సీటుకు రాలేదు.

వానకు ఊళ్లో రోడ్డు కోసుకుపోయింది. వంతెన ఎక్కేసరికి ఎనిమిదిన్నర దాటింది. వంతెన కొత్తది, నున్నటిది. తెరంతా నీలం. మా బండి గుర్తు నది మధ్యలో ఉంది. పెట్టెకు ఆ వంతెన తెలియదు. వెనక్కి తిరగమని చెబుతూనే ఉంది. జగిత్యాలకు తిరిగి పోయి ధర్మపురి మీదుగా వచ్చేలా మళ్లీ లెక్కవేసి, చేరే సమయం పదకొండు యాభై అంది.

“ఎన్నంటుంది?” వెనక నుంచి మామ.

“పదకొండు యాభై.”

మామ సంచి ఊపడం ఆపకుండానే “దాని నోరు ముయ్యి” అన్నాడు. నేను ముయ్యలేదు. ముందు ఎక్కడో మ్యాపు మళ్లీ అందుకుంటుందని ఆశ.

అవతల అంతా అడవి. రోడ్డు కొంత వేశారు, కొంత బురద. ఫోనుకు సిగ్నలు లేదు. తొమ్మిదింబావుకు దారి రెండుగా చీలింది. తెర మీద ఏ దారీ లేదు, తెల్లటి ఖాళీలో మా గుర్తు ఒక్కటే. తప్పుదారిలో పోతే బండి కదులుతుంది, పిల్లలకు గాలి అందుతుంది, కానీ ఊరు రాదు. ఆగితే గాలి అందదు. ఆగాను. దిగి రెండు వైపులా చూశాను. టైర్ల గుర్తులు రెండింటి మీదా ఉన్నాయి. పన్నెండు నిమిషాలు అక్కడే ఉన్నాం. అప్పుడు ఒక పెద్దావిడ మేకలను తోలుకుంటూ వచ్చింది.

“అవ్వా, కడెం రోడ్డు ఎటు?”

“ఎడమది కట్టెల బండ్ల బాట. కుడిదే. నడుమ ఇంకో రెండు చీలికలున్నయి, నువ్వు తప్పుతవు. నేను వస్త పా. ఓ లక్ష్మీ, మేకలు జర చూడు!” అని వెనక వస్తున్న మనిషికి కేకవేసి ముందు సీట్లో కూర్చుంది. మామ ఒక సంచి ఆమె ఒళ్లో పెట్టి ఊపమన్నాడు. ఆమె పసిపిల్లను ఊపినట్టు ఊపుతూ చెయ్యి చూపిస్తూ వచ్చింది. పెట్టె మళ్లీ వెనక్కి తిరగమంది.

“గీమె ఎవలు? ఎప్పుడూ ఎనుకకే రమ్మంటది?” అని అవ్వ అడిగింది.

మామ ఆ ఉదయమంతటికీ అప్పుడే ఒకసారి నవ్వాడు.

మెయిన్ రోడ్డు మీద ఆమె దిగింది. తిరిగి వెళ్లడానికి ఆటోకు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. “పిల్లలు బతికితె గదే సాలు” అని నడిచి వెళ్లిపోయింది.

పదీ యాభైకి చెరువు కట్ట మీద ఉన్నాం. సంచులు తెచ్చీ తేగానే విప్పకూడదు. చెరువు నీటి వెచ్చదనానికి అలవాటు పడేదాకా కట్టినట్టే నీళ్లలో వదలాలి. ఆ అరగంట సంఘం వాళ్లంతా ఒడ్డున నిలబడ్డారు. “తొమ్మిదింటికే వస్తమంటివి గదా?” అని ఒకతను అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మామ “తొవ్వల ఆగినం” అన్నాడు. అంతే అన్నాడు. విప్పినప్పుడు ఇరవై సంచుల పిల్లలు నీళ్లలోకి జారి కనబడకుండా పోయాయి. నాలుగు సంచుల్లో సగం తెల్లగా తేలాయి.

చచ్చిన పిల్లలు గాలివాటున ఒడ్డుకు కొట్టుకొస్తాయి. మూడు రోజులు ఉదయమే నేను, మామ కట్ట చుట్టూ తిరిగాం. మొదటి రోజు దోసెడు, రెండో రోజు నాలుగైదు, మూడో రోజు ఏమీ లేవు. మిగిలినవి బతికాయా, అడుగున పడి ఉన్నాయా అన్నది వేసవిలో వల లాగేదాకా ఎవరికీ తెలియదు. మూడో రోజు రాత్రి నేనే సంఘం ముందు కూర్చుని రేవు సంగతి, పన్నెండు నిమిషాల సంగతి చెప్పాను. ఎవరూ తిట్టలేదు. వచ్చే ఏడు లారీ మాట్లాడదామని మాత్రం తీర్మానం రాశారు. నేనూ సంతకం చేశాను. నావిగేటర్‌ను పారేయలేదు. నిర్మల్, ఆదిలాబాద్ పనులకు ఇప్పటికీ అదే. కానీ తెర మీద చేరే సమయం మారినప్పుడల్లా బండి పక్కకు ఆపి మనిషిని అడుగుతున్నాను.

ఈ దారిలో వెళ్లేవాళ్లకు ఒక్క మాట. బయలుదేరే ముందు పెట్టెలో ‘తక్కువ సమయం’ ఉందో లేదో చూసుకోండి, ఆగి మనిషిని అడగడానికి అరగంట ప్రయాణం లెక్కలో ముందే కలుపుకోండి. నేను ఆ అరగంట మిగిలిస్తానని నలభై ఇళ్లకు మాటిచ్చాను.