వదిన బుగ్గ మీద పదిహేడు

“ఒకళ్ల మొహంలో మకిలిని భూతద్దం పెట్టి వెతకడం కూడా ఓ ఉద్యోగమేనా?” అని పెళ్లయిన వారానికే వదిన ఆడపడుచును అడిగేసింది. పదకొండేళ్లుగా చర్మవ్యాధుల ఆసుపత్రి ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చుంటున్న ఆడపడుచు నొచ్చుకోలేదు. “జీతం వస్తుంది కదా వదినా,” అంది. తన పనిని సేవ అనేవాళ్లంటే ఆమెకు ఒళ్లుమంట. సేవకు సెలవులుండవని ఆమె వాదన.

బ్యూటీ పార్లరు నడిపే ఆ వదినే ఇప్పుడు మొహం కందగడ్డ చేసుకుని ల్యాబు బల్ల ముందు కూర్చుంది. మూడు నెలలుగా మొటిమల మందులు రాస్తోంది, తగ్గట్లేదు. పార్లరుకొచ్చినవాళ్లు ఆవిడ బుగ్గలు చూసి, ఏదో పని గుర్తొచ్చిందంటూ వెనక్కి తిరుగుతున్నారు. ఇంకో నెల ఇలాగే సాగితే షట్టరు దించెయ్యడమే. మొటిమలు కావేమో, పురుగులేమో చూడమని డాక్టరు చీటీ రాశాడు.

“పురుగులా? రోజుకు నాలుగుసార్లు మొహం కడుగుతానే!”

“అందరి మొహాల్లోనూ ఉంటాయి వదినా. వెంట్రుక కుదుళ్లలో తలకిందులుగా దూరి కాపురం చేస్తాయి. సంతానం మితిమీరితేనే గొడవ.”

స్లైడు మీద జిగురు చుక్క వేసి, బుగ్గకు నిమిషంపాటు అదిమి, చటుక్కున లాగింది. వదిన పెట్టిన కేకకు బయట వరుసలోంచి ఇద్దరు లేచి వెళ్లిపోయారు. నూనె బొట్టు వేసి చూస్తే పురుగూ లేదు, పుట్రా లేదు. పౌడరు రేణువులు కుప్పలు.

“వచ్చేముందు ఏం చేశావ్?”

“ఏం చేస్తాను? ఆసుపత్రి కదాని స్క్రబ్బుతో బాగా తోమి, పైన కాస్త పౌడరద్దాను. నలుగురూ చూస్తారు కదే!”

పురుగుల్లేవని ఉన్నదున్నట్టు కాగితం మీద రాసేస్తే డాక్టరు మళ్లీ మొటిమల మందే రాస్తాడు. ఆడపడుచు రాయలేదు.

“అంతలా తోమితే పురుగులు దొరకవు వదినా. మూడు రోజులు సబ్బు, క్రీము, పౌడరు ముట్టుకోకుండా రా.”

“బోసి మొహంతో పార్లరులో కూర్చోనా? దానికన్నా చంపెయ్యరాదూ?”

“చంపితే లెక్కపెట్టడానికి పురుగులుండవు.”

నాలుగో రోజు మొహానికి రుమాలు కట్టుకుని దొంగలా వచ్చింది. ఈసారి చదరపు సెంటీమీటరులో పదిహేడు తేలాయి, పొట్టికాళ్లు ఆడిస్తూ. అయిదు దాటితేనే జబ్బు కింద లెక్క. వదిన కూడా ఓ కన్ను మూసుకుని చూసింది.

“ఇన్నాళ్లూ వీటికా నేను ఫేషియల్ చేసింది!” అంది.

మందు మారింది. ఆరు వారాలకు బుగ్గలు చల్లబడ్డాయి, పారిపోయినవాళ్లలో సగంమంది తిరిగొచ్చారు. ఇప్పుడు మొహం ఎర్రబడ్డ ప్రతివాళ్లనూ వదినే ల్యాబుకు పంపిస్తోంది, కడుక్కోకుండా వెళ్లమని మరీ మరీ చెప్పి. ఆడపడుచు తన జీతంలోంచి కట్టిన రెండు పరీక్షల డబ్బులు, ఆరువందలు, మాత్రం వదిన ఇంకా ఇవ్వలేదు.