పేరు పెట్టని మిక్స్

మా వీధి డీజే మామ మంగళవారం మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో తన ఇంట్లో, కంప్యూటర్ ముందున్న కుర్చీలోనే చనిపోయాడు. టీ పట్టుకొని గదిలోకి వెళ్లిన ఆయన భార్య మొదట చూసింది. హెడ్‌ఫోన్ మెడ మీదికి జారి ఉంది. పక్కింటి వాళ్లం ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. గుండె ఆగి చాలాసేపయిందని డాక్టర్ చెప్పాడు. తిరిగి ఇంటికి తెచ్చేసరికి వీధి వీధంతా వాకిట్లో ఉంది. గదిలో కంప్యూటర్ మాత్రం ఇంకా రికార్డ్ చేస్తూనే ఉంది.

ఆయన నాకు చుట్టం కాదు. నారాయణఖేడ్‌లో మా పక్కిల్లు, అంతే. వీధిలో చిన్నా పెద్దా అందరూ మామ అనేవాళ్లు, ఆమెను అత్త అనేవాళ్లు. మనూర్ వైపు, కల్హేర్ వైపు పెళ్లి ఊరేగింపు, బరాత్ అంటే ఆయన బండి వెళ్లాల్సిందే. పెద్ద స్పీకర్ డబ్బాలు కట్టిన ఆ బండి ఇంటి ముందు నిలబడితే మా గోడకు మధ్యాహ్నం నీడ వచ్చేది.

డీజే చప్పుడు మీద జనం చేసిన ఫిర్యాదుల గురించి మా పేపర్‌కు వార్త రాయడానికి ఒకసారి ఆయన దగ్గరికి వెళ్లాను. నేను అడిగిన ప్రశ్నలన్నీ ఓపిగ్గా విన్నాడు.

"చప్పుడు ఎంతున్నదో రాస్తవు సరే. అది యాడికెళ్లి వస్తదో ఎరికేనా అల్లుడా? కూసో, చూపిస్త."

కూర్చున్నాను. ఆ వార్తలో ఆయన వాదన రెండు వాక్యాలే వచ్చింది. ఆదివారం పొద్దున ఆయన గదిలో కూర్చోవడం మాత్రం అలవాటైపోయింది. మిక్స్‌ను ఇంటి కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలో మొదటి నుంచీ ఆయనే నేర్పాడు.

మొదటి పాఠం తీగది. మిక్సర్ వెనక చాలా తూట్లు ఉంటాయి. డబ్బాలకు పోయేది వేరు, రికార్డ్ కోసం ఇచ్చింది వేరు. ఆ రెండో దాన్నుంచి తీగ తెచ్చి కంప్యూటర్ వెనక నీలం తూటులో పెట్టాలి. దాని పక్కనే గులాబీ రంగుది ఉంటుంది, అది మైక్‌ది. నేను మొదటిరోజే గులాబీలో పెట్టాను. పాటంతా గరగరమంది.

"అది మనిషి గొంతుకు పెట్టిన చెవిరా. సన్నటి మాటను పెద్దగ చేసుకొని ఇంటది. నువ్వు పోయి దాని చెవుల బ్యాండు కొడ్తివి," అని నవ్వాడు. నా ల్యాప్‌టాప్‌కు నీలం తూటే లేదని చెబితే, బయటి నుంచి తగిలించే చిన్న సౌండ్ కార్డ్ డబ్బా ఒకటి తెచ్చుకొమ్మన్నాడు.

రెండోది ఎర్రలైటు. పాటలో అన్నిటికంటే పెద్దగా మోగే చోటు ముందే వేసి, కొలత చూసుకోవాలి. ఆకుపచ్చ దాటి పసుపు వరకు పోవచ్చు, ఎరుపు ముట్టకూడదు. వీధిలో కిటికీలు అదిరేలా వాయించే మనిషి, గదిలో రికార్డ్ చేసేటప్పుడు మాత్రం నా చేతి మీద కొట్టి మరీ తగ్గించేవాడు. "సౌండు పెంచుడు డబ్బాల పని. ఈడ చినిగిన గొంతును మల్ల కుట్టరాదు."

మూడోది, కంప్యూటర్ తెర మీద మిగతా కిటికీలన్నీ మూసి, నెట్ తీసేసి కూర్చోవడం. దీనికి కారణం ఉంది. ఒకసారి మిక్స్ మధ్యలో కంప్యూటర్‌కు ఏదో సందేశం వచ్చి టింగ్‌మంది. ఆ టింగ్ కూడా రికార్డయింది. కల్హేర్ దగ్గర ఒక పెళ్లిలో అదే వేశారు. మరుసటి పెళ్లిలో ఆ ఊరి పిల్లలు బండికి అడ్డం నిలబడ్డారు.

"మామా, గా టింగ్ పాట ఎయ్యి!"

"టింగ్ పాట ఏందిరా నీ తల!"

"గదే, మధ్యల టింగ్ అంటది సూడు, అప్పుడు అందరం కూసొని లేస్తం!"

ఆ ఒక్క ఊరి కోసం ఆ టింగ్‌ను ఆయన చివరిదాకా ఉంచాడు.

పాట అయిపోగానే స్టాప్ నొక్కనిచ్చేవాడు కాదు. కాసేపు ఖాళీగా నడవనివ్వమనేవాడు. చివరి దెబ్బ తర్వాత గాల్లో మిగిలేది కూడా పాటలోదే అనేవాడు.

వీటిలో కొత్తేమీ లేదు, ఎవరు నేర్పినా ఇవే చెబుతారు. ఆయనకే చెందిన పద్ధతి ఇంకొకటుంది. రికార్డ్ చేసిన మిక్స్‌ను మొదటి నుంచి చివరిదాకా కళ్లు మూసుకొని వినే వరకు సేవ్ చేసేవాడు కాదు. సేవ్ చేస్తే పేరు అడుగుతుంది కదా, వినకుండా పేరు పెట్టకూడదట.

"ముందు సేవ్ చేసి, పేరు తర్వాత మార్చొచ్చు మామా. మధ్యల కరెంటు పోతే?"

"పోతే పోయింది, మల్ల వాయిస్త. పిల్ల పుట్టంగనే పేరు పెడ్తమా? మొగం చూస్తం, ఏడుపు ఇంటం, ఇరవై ఒకటో దినం పెడ్తం. మార్చేదైతే అది పేరెట్లయితది?"

ఆయన యూపీఎస్ బ్యాటరీ చచ్చి చాలా కాలమైంది. మా వీధిలో కరెంటు సంగతి అందరికీ తెలిసిందే. అయినా పద్ధతి మార్చుకోలేదు.

మంగళవారం ఆయన చేస్తున్నది మా ఎదురింటి అవ్వ మనవరాలి బరాత్ మిక్స్. అవ్వ వాళ్ల పెద్దలు కర్ణాటక నుంచి వచ్చినవాళ్లు, ఇంట్లో ఇప్పటికీ కన్నడమే. పసుపు దంచుతూ పాడే పాట ఒకటి అవ్వకు వచ్చు. ఇంకెవరికీ పూర్తిగా రాదు. మామ వాళ్ల ఇంటికి మైక్ తీసుకుపోయి ఆ పాట ముందే రికార్డ్ చేసి పెట్టుకున్నాడు. చిక్కు అవ్వ పాడే తీరుతో వచ్చింది. ఒక చరణం ఉరుకుతుంది, ఇంకో చరణంలో దగ్గుకు ఆగుతుంది, గుర్తొచ్చినప్పుడు మళ్లీ అందుకుంటుంది. బీటేమో గడియారంలా నడుస్తుంది. కంప్యూటర్‌తో అవ్వ గొంతును సాగదీసి బీటుకు సరిచేయొచ్చు. అలాగే చేయమని నేనన్నాను.

"ముసలామె ఎందుకు ఉరకాలె? బీటే ఆగుతది," అన్నాడు మామ.

గత ఆదివారం ఆయన సాధన చేస్తుంటే పక్కన కూర్చొని చూశాను. హెడ్‌ఫోన్ ఒక చెవికే. వేలి కొస బీటు వేగం మార్చే మీట మీద. అవ్వ ఊపిరి తీసుకోబోయే ముందే ఆ వేలు కదిలేది. దగ్గు వచ్చే చోట డప్పు దెబ్బ ఒకటి వెనక్కి తగ్గి నిలబడేది. ఆమె అందుకోగానే కలిసి నడిచేది. ఎన్నో ఏళ్లుగా ఎన్నో సభలు, ఎన్నో ప్రదర్శనలు చూసి రాశాను. ఒక మనిషి ఇంకొకరి ఊపిరిని అలా చదవడం నేను చూడలేదు. అది ఒక్క బిగిన, చేత్తో వాయించాల్సిన మిక్స్. ముక్కలుగా అతకడానికి కుదరదు. ఇంకొకరు వాయించలేరు.

మంగళవారం సాయంత్రానికి అది సేవ్ కాకుండా ఆ కంప్యూటర్‌లో ఉంది.

మామను ఆ గదిలోనే పడుకోబెట్టాలని చుట్టాలు బల్ల జరపబోయారు. ఒకాయన తీగలు తీసేద్దామని స్విచ్‌బోర్డు వైపు చెయ్యి చాపాడు. అప్పటిదాకా గోడకు ఆనుకొని ఉన్న అత్త ఒక్కసారి అరిచింది.

"ఆ బటన్ ముట్టకుండ్రి! ఆయన ఇంకా ఇనలే!"

చుట్టాలకు అర్థం కాలేదు. నాకైంది. జనాన్ని దాటుకొని కంప్యూటర్ దగ్గరికి వెళ్లాను. తెర మీద పాట గీతలు దట్టంగా ఉన్నాయి. చివరన నెమ్మదిగా సన్నబడి, ఎక్కడా కుదుపు లేకుండా సున్నాకు దిగాయి. అంటే పాటను చివరిదాకా దించి, చెయ్యి తీసిన తర్వాతే ఆయనకు ఏం జరిగినా జరిగింది. ఆ తర్వాత ఒకటే సన్నటి గీత. ఆటో వచ్చింది, ఏడుపులు మొదలయ్యాయి, వీధి నిండింది. తీగ ద్వారా వచ్చేదే తప్ప గదిలోని చప్పుడు దానికి వినపడదు కాబట్టి ఇవేవీ అందులో లేవు.

స్టాప్ నొక్కాను. ఆయన చెప్పిన వరుసలోనే, ముందు పెద్ద ఫైలుగా, నాణ్యత తగ్గించకుండా సేవ్ చేయబోయాను. పేరు అడిగింది. వెనక్కి తిరిగి అత్తను చూశాను.

"పేరు పెట్టకు."

"ఏదో ఒకటి రాయంది తీసుకోదు అత్తా."

"అయితే పేరు లేదని రాయి."

అలాగే రాశాను. పెన్‌డ్రైవ్‌లోకి ఇంకో కాపీ ఎక్కించాను. అది ఎక్కిన కాసేపటికి కరెంటు పోయింది.

మూడోరోజు అవ్వ వచ్చింది. వీధిలో చావు జరిగితే పది రోజులు డప్పు మోగదు, అది మా దగ్గర ఆనవాయితీ. లగ్నం మాత్రం ఈ శుక్రవారమే. బరాత్ చప్పుడు లేకుండా తీస్తామని చెప్పడానికి వచ్చింది.

"ఎందుకట్ల?" అంది అత్త. "ఆయన చేసింది ఏం చెయ్యాలె? కూసో, ఇందాం."

చుట్టాల్లో ఒకామె ముఖం చిట్లించింది. "మైలింట్ల పాటలేంది వదినా?"

"ఈ ఇంట్ల పాట లేంది ఏనాడు?"

పెన్‌డ్రైవ్ పెట్టి మొదటి నుంచి విన్నాం. అవ్వ గొంతు వచ్చింది. దగ్గు వచ్చిన చోట డప్పు ఆగింది. అవ్వ చెయ్యి గాల్లో రోకలి పట్టినట్టే లేచి, ఆగి, మళ్లీ దిగింది.

"గీ దగ్గు తీసెయ్యమన్న గద వాన్ని!" అంది కోపంగా. పాట అయ్యాక అత్త మోకాలి మీద చెయ్యి వేసి, "ఛంద ఐతి," అంది. బాగుందని కన్నడంలో మామకు ఎప్పుడూ చెప్పే మాట అదొక్కటే.

పాట తర్వాత ఉన్న ఖాళీని కత్తిరించాలా అని అడిగాను. వద్దని అత్త తల ఊపింది. ఊరంతా విన్నాకే ఫైలుకు పేరు పెడతానంది.

శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు బరాత్ బస్ డిపో దగ్గర మొదలవుతుంది. బండి మామదే. వీధిలోకి వచ్చి ఆయన ఇంటి ముందు ఆగేసరికి పాట పూర్తయ్యేలా నడపమని డ్రైవర్‌కు చెప్పాం. పాట అయ్యాక కూడా ఎవరూ ఏదీ ముట్టరు. డబ్బాలు ఆయన వదిలిన ఆ ఖాళీని వాయిస్తూ ఉంటాయి. స్టాప్ నొక్కడానికి అత్త బయటికి వస్తుంది.