పూజగదిలో దొరికిన కార్డు

తెరుచుకునిందప్పా! ముప్పై ఏండ్లకు పైగా నోరిప్పని ఆ డిస్కు ఈ పొద్దు తెరుచుకునింది. మా అన్న కొడుకు వైట్‌ఫీల్డు నుంచి ఫోన్ చేసి, "అత్తా, అక్షరాలన్నీ భద్రంగా ఉండాయి, 'క్ష' కూడా ఉండాది" అంటే, పొయ్యి మీద పాలు పొంగిపోయేది కూడా చూసుకోలే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే కదా, పాసైన రోజు కూడా ఇంత ఎగర్లే.

సంతోషం సరే, కోపం మాత్రం పోలే. మీకూ గుర్తుంటాది, ఎనభైల్లో కంప్యూటర్ రూములోకి చెప్పులిప్పి పోయే కాలం. కె.ఆర్.పురం దగ్గర మా కంపెనీలో నా పక్క సీటు అక్క, తెలుగు అక్షరాల్ని చుక్క చుక్క పెట్టి కంప్యూటర్లో గీసేది, ఒత్తు కింద ఇంకో ఒత్తు వస్తే చోటు చాలక తుడిపి మళ్ళీ గీసేది, రెండేండ్ల కష్టం ఒకటే డిస్కులో ఉండేది. అప్పట్లో డిస్కుకు రెండు తీగలు, అవి పోయి మిషిన్ లోపలుండే ఒక కార్డుకు తగులుకునేవి. ఏ కార్డు రాసిందో ఆ కార్డు తప్ప ఇంకోటి దాన్ని చదవలేదు.

అంతలో కొత్త స్టాండర్డు వస్తా ఉండాది, ఇంక డిస్కుకు ఒకటే తీగ, పాత మిషిన్లన్నీ తీసేస్తాం అని, మా మేనేజరు ఇంట్లో పెండ్లి మాదిరి అందరికీ చెప్పుకుంటా తిరిగినాడు. కాపీ తీసుకునేదానికి ఒక్క వారం ఇయ్యండి సార్ అని అక్క అడిగితే, "ఏనమ్మా, నీ కొమ్ములూ దీర్ఘాలూ అయ్యేదాకా లోకం ఆగల్నా?" అని నవ్వినాడు. నవ్వినాడు! అక్క డిస్కు విప్పుకునింది, కార్డు విప్పేలోపలే లైట్లార్పి మమ్మల్ని బయటికి పంపినారు. మర్నాడు చూస్తే పాత మిషిన్లన్నీ గుజరీకి, పాత సామాన్లోళ్ళకు, పోయినాయి. అదే మనిషి తర్వాత పని చూపించమన్నాడు, చూపించలేకపోతే పనే చెయ్యలేదని అక్కను ఇంటికి పంపేసినాడు. ఆ డిస్కు నా చేతిలో పెట్టి పోయిందా యమ్మ. ఎన్ని గుజరీ అంగళ్ళు తిరిగినామో!

పోయిన నెల మా కంపెనీ ఓనరు కూతురు ఇల్లు ఖాళీ చేస్తా నన్ను పిలిస్తే తెలిసింది. కంపెనీ మొదటి కంప్యూటరు లక్ష్మి అని, ఆ పెద్దాయన మా మిషిన్ని ఎవరికీ చెప్పకుండా ఇంటికి తెచ్చి పూజగదిలో పెట్టుకున్నాడంట. మేం ఎండలో ఏడుస్తా తిరుగుతుంటే, మా కార్డు ఏటేటా ఆయుధపూజకు కుంకుమ పూయించుకుని హారతి తీసుకుంటా కూచునింది! ఆ మిషిన్నీ, నా దగ్గరున్న డిస్కునీ తెచ్చి మా అన్న కొడుకు చేతిలో పెట్టినా.

ఇప్పుడు మా వాడు, "తొందరగా వేరేదాంట్లోకి ఎక్కించాల అత్తా, ఈ తీగలూ మార్చేస్తారంట" అంటాడు. మళ్ళీనా? ముందు కాగితాల మీద అచ్చేయించు నాయనా అని అరిచినా. కాగితానికి తీగ అక్కర్లేదు. ఆ కాలంలో కనీసం ఒక వారం ఇయ్యండని అడిగేదానికి ఒక మనిషి ఉండేవాడు, ఇప్పుడు అడిగేదానికి ఎదురుగా మనిషే లేడు.

ఇంకా ఫోన్లు చెయ్యాల. మా అన్నకు, కొడుకు చేసిన ఘనకార్యం చెప్పల్ల. ఓనరు కూతురికి. అత్తిబెలెలో ఉండే అక్కకు, చెవులు మందం, గట్టిగా అరవాల. ఆ మేనేజరుకు, బతికుంటే. ఆ ఫోన్ మాత్రం అక్కతోనే చేయిస్తా.