మూడో బోరు సాక్ష్యం

ఏడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. సంఘంలో నిలబడి, కన్నీళ్ళు పెట్టుకుని మరీ చెప్పిన అబద్ధం. మీరు నా ముఖం ఎరగరు కాబట్టే సంఘం కంటే ముందు మీకు చెప్పగలుగుతున్నాను.

మాది కొమరోలు దగ్గర చిన్న పల్లె. మా సంఘంలో నేను పెద్దను. పాస్టరుగారు కంభం నుంచి నెలకొకసారి వస్తారు, మిగతా వ్యవహారమంతా నాదే. ఆ ఎండాకాలం నా బత్తాయి తోట ఎండిపోతోంది. వేసిన రెండు బోర్లూ దుమ్ము లేపి ఊరుకున్నాయి. మూడోది వేసే ముందు మూడు రోజులు ఉపవాసం ఉండి ప్రార్థించాను. ఆ ప్రార్థన నిజమే. నాలుగో రోజు ధైర్యం చాలలేదు. పుల్లలచెరువు వైపు నుంచి కొబ్బరికాయతో నీళ్ళు చూసే మనిషిని పిలిపించాను. అరచేతిలో కాయ పెట్టుకుని పొలమంతా నడిచాడు. కాయ నిటారుగా లేచిన చోట గుర్తు పెట్టాడు. అక్కడే నీళ్ళు పడ్డాయి.

అలా చూపించుకోవడం మా సంఘంలో పెద్ద తప్పు. అయినా ఆదివారం లేచి, నేను మోకరించిన చోటే దేవుడు నీళ్ళు చూపించాడని సాక్ష్యం చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. అది విని ఇద్దరు కుర్రవాళ్ళు బాప్తిస్మం తీసుకున్నారు. ఎందుకలా చెప్పాను? నన్నెవరూ అడగలేదు కదా? నోరు మూసుకుని కూర్చున్నా సరిపోయేది. నాలుగో రోజు నాకు నమ్మకం చాలలేదని ఒప్పుకుని ఉంటే, బహుశా అదే నేను చెప్పిన మొదటి మంచి సాక్ష్యం అయ్యేది.

రెండేళ్ళకు ఏసోబు మామ అదే మనిషిని తన పొలానికి పిలిపించుకున్నాడు. మామ గొర్రెలు కాచుకునే మనిషి, దాపరికం తెలియదు. సంఘంలో అడిగితే ఒప్పుకున్నాడు. ఆయన బోరులో చుక్క పడలేదు. అది దేవుడి తీర్పు అన్నది నేనే. మూడు నెలలు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ముట్టనివ్వకూడదని పట్టుబట్టిందీ నేనే.

బయట చెప్పులు వేసుకుంటుంటే మామ పక్కకు వచ్చాడు.

"నీ తోటలో కాయ పట్టినాయనే నాకూ పట్టినాడు అల్లుడా. నీ సంగతి చెప్పినాడు."

చెప్పు వదిలేసి ఆయన వైపు తిరిగాను. "మరి లోపల చెప్పలేదేంది మామా?"

"ఎట్ల చెప్పేది? నీ మాట నమ్మి ఇద్దరు పిల్లోళ్ళు బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళేమైపోవాల?"

అంతే, వెళ్ళిపోయాడు.

మూడు నెలలు గడిచాక ఆయన్ని మళ్ళీ బల్లకు పిలవాల్సింది నేను. పిలవలేదు. పశ్చాత్తాపం కనబడడం లేదని పాస్టరుగారికి చెప్పాను. ఎవరి పశ్చాత్తాపం? ఆయన కళ్ళలోకి చూసి రొట్టె ఇవ్వలేక, ఆ మాట అడ్డం పెట్టుకుని నాలుగేళ్ళు గడిపేశాను. మామ ప్రతి ఆదివారం వచ్చేవాడు. చివరి వరుసలో కూర్చుని పాటలు పాడేవాడు. పోయిన చలికాలం జబ్బు చేసి, ఆ రొట్టె ముట్టకుండానే చనిపోయాడు. విశ్వాసంలో పెద్దనని అనుకున్నవాణ్ణి, ఆయన ముందు ఓనమాలు కూడా రానివాణ్ణని సమాధి దగ్గర అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడూ నోరు విప్పలేదు.

నిన్న వెళ్ళి ఏసోబు మామ భార్యకు అంతా చెప్పాను. అత్త చేటలో కందులు బాగుచేస్తూ వింది. చివరికి ఒక్కటే అడిగింది.

"నువ్వు కూడా కాయ పట్టించినట్టు ఆయనకు తెలుసునా?"

"తెలుసు అత్తా."

"నాకు గూడా చెప్పలేదే ఆ మారాజు."

కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఏ ముఖంతో అడగను?

ఆదివారం సంఘంలో ఇదంతా చెబుతాను. ఆ ఇద్దరు కుర్రవాళ్ళూ వింటారు. మామ భయపడిందే జరగవచ్చు. నా పెద్దరికం పోతుంది, పోవాల్సిందే. వాళ్ళకు మాత్రం ఏం చెప్పాలో తెలియడం లేదు. ఈ ఉదయం మోకరించినప్పుడు, ఏడేళ్ళలో మొదటిసారి, ఏ సంగతీ తప్పించకుండా ప్రార్థన చేశాను.