పగటి లైటు

మా ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు సూపర్‌వైజరు ఉండేవాడు. పగటిపూట లైటు వెలిగే బండి ఎదురొస్తే చాలు, ఆర్పమన్నట్టు చేయెత్తి వేళ్లు మూసి తెరిచేవాడు. కొత్త బళ్లకు లైటు దానంతటదే వెలుగుతుందని, అది మనం చూడడానికి కాదు, ఎదుటివాడికి కనపడడానికని మూడుసార్లు చెప్పాను.

"ఆకాశంలో సూర్యుడుండాడు గదప్పా, ఇంగ నీ దీపం దేనికి?" అని నవ్వాడు. తన కొత్త బండికి వైరు కత్తిరించి స్విచ్చి పెట్టించుకున్న ఘనుడు.

ఒక ఉదయం బండి మీద డ్యూటీకి వస్తుంటే, ఏర్పేడు ఊరు దాటాక, పొగమంచులో లారీ అతన్ని గుద్దింది. "లైటు లేదు సార్, యాడ కనపడతాడు?" అన్నాడు డ్రైవరు.

కుడిచేయి విరిగింది. డిశ్చార్జి రోజున చూడడానికి, లైటు వెలిగే నా బండి మీద వెళ్లాను. ఆసుపత్రి మెట్ల మీంచి నన్ను చూసి, ఎడమచేయి ఎత్తి, వేళ్లు మూసి తెరిచాడు.